శిలకెక్కిన పేర్లు, ఎక్కని పేర్లు

శ్రీముఖలింగమున మధుకేశ్వరాలయపు గోడలమీద అఖండదీపములు పెట్టించిన దాతల పేర్లు గాంగరాజుల కాలమునుండి నిలిచియున్నవి. పేరును శిలకెక్కించుట మన ప్రాంతమునకు క్రొత్త కాదు.

ఆ ఊరి ప్రక్కన పారు వంశధార కళింగపట్నమువద్ద సముద్రమును చేరును. ఈ తీరపు రేవులనుండి వేలాది తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూను వెళ్లిరి. 1941 డిసెంబరు 23న జపాను విమానములు ఆ నగరముపై బాంబులు కురిపించినపుడు మనవారెందరో మడిసిరి. 1942 మార్చిలో రంగూను జపాను వశమయ్యెను.

అటుపిమ్మట బ్రిటిషు లిబరేటరు విమానములు బెంగాలునుండి రాత్రివేళల బర్మాపై దాడులకు పోయెడివి. 1945 జనవరి 31న అట్టి విమానమొకటి బర్మా అడవిలో కూలెను. ఆరుగురు బందీలైరి, వారిలో నలుగురిని చిత్రహింసలు పెట్టి చంపిరి. వైర్‌లెస్ ఉద్యోగి స్టాన్లీ జేమ్స్ వుడ్‌బ్రిడ్జి సంకేతరహస్యములు చెప్పక ప్రాణము విడిచెను. 1948లో ఆయనకు జార్జి క్రాసు పతకము ప్రకటింపబడెను. ఆయన సమాధి రంగూను యుద్ధశ్మశానమున గలదు. సమాధియే లేని వైమానికుల పేర్లు సింగపూరు స్మారకమున చెక్కబడినవి.

మరి మన కూలీల పేర్లో? అవి ఇంటి పెద్దల నోటనే మిగిలినవి. మీ కుటుంబమున బర్మా వెళ్లి మరలిరాని ముత్తాత యుండినచో, ఆయన పేరును, ఊరును నేడే వ్రాసియుంచుడు.