ఉన్నతవిద్య: నాటి సాధనములు, నేటి సాధనములు



విద్య యనగా గురుశిష్యుల నడుమ జరుగు వ్యవహారమని మన పెద్దలు తలచిరి. అది నిజమే. కాని ఆ యిరువురి నడుమ ఎల్లప్పుడును ఏదో యొక సాధనముండెను. తాటియాకు, అచ్చుపుస్తకము, రేడియో, కృత్రిమోపగ్రహము, చేతిలోని ఫోను, ఇవన్నియు నట్టి సాధనములే. క్రొత్తది వచ్చినపుడెల్ల "చదువు చెడినది" అన్నవారును, "ఇక అందఱును పండితులే" అన్నవారును గలరు. ఇరువాగుల మాటయు పూర్తిగా నిజము కాలేదు. ఏల కాలేదో చరిత్ర చెప్పును.

మొదట తాటియాకును తలచుకొందము. ఆకును ఉడికించి, ఆరబెట్టి, నునుపుచేసి, గంటముతో గీచి, మసి పూసినగాని అక్షరము కనబడదు. మఱియొక ప్రతి కావలెనన్న లేఖకుడు చాలకాలము కూర్చుండవలెను. అతని చేతితప్పు ఆ ప్రతిలో నిలుచును. దానిని చూచి వ్రాసిన ప్రతిలో మఱి రెండు చేరును. 1820లో కడపకు వచ్చిన బ్రౌను దొర, పిదప స్వంత ధనము వెచ్చించి పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు తెప్పించి సరిచూపింపవలసివచ్చినది ఇందువలననే. గ్రంథము దుర్లభమగుటచే గురువు లేనిదే చదువు లేకుండెను. ఆ గురువుగారి గడప యెక్కుటకు స్త్రీలలో పెక్కుమందికిని, ఎన్నో కులములవారికిని అనుమతి లేకుండెను. మన ప్రాచీనవిద్యను కొనియాడునపుడు ఈ మాటను దాచరాదు.

పిదప అచ్చు వచ్చినది. 1746లో జర్మనీదేశపు హాలే పట్టణమున తెలుగు పుస్తకము ముద్రితమైనది. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులుగారు మద్రాసులో ముద్రాక్షరశాలను నెలకొల్పిరి. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయ మేర్పడినది. పుస్తకముల కఱవు తీరసాగెను. కాని ఉన్నతవిద్య ఆంగ్లమున నడచుటచే పాతగడప పోయి క్రొత్తగడప లేచినది. 1918లో హైదరాబాదున వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయము దీనికి ప్రత్యుత్తరమిచ్చెను. అనువాదశాల నేర్పఱచి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చి, దేశభాషలో ఉన్నతశాస్త్రములు చెప్పవచ్చునని నిరూపించెను. అయినను తెలుగు రైతుబిడ్డకు ఆ ఉర్దూయు పరభాషయే కదా. కళాశాలలకు తెలుగు పాఠ్యగ్రంథములు సిద్ధపఱచుటకై తెలుగు అకాడమి 1968లో గాని పుట్టలేదు.

ఇక కళాశాలకు పోజాలనివారి మాట. లండను విశ్వవిద్యాలయము 1858లోనే బయటివారిని పరీక్షకు కూర్చుండనిచ్చెను. మనదేశమున ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లో తపాలా పాఠములు మొదలుపెట్టెను. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరము, అమెరికావారు ఎరవిచ్చిన ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలో 2,400 పల్లెలకు టెలివిజను పాఠములు వచ్చినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది కళాశాలచదువు కాకున్నను, ఆకాశమునుండి పల్లెకు పాఠము దిగగలదని తేలినది. ఏడాది కాగానే ఎరవుసొమ్ము వెనుకకు మరలినది. ఆ ప్రయోగమును ముగిసినది.

1982లో హైదరాబాదున ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. జి. రామ్‌రెడ్డిగారు ప్రథమోపాధ్యక్షులు. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టిరి. పూర్వపు పట్టాలు లేనివారును అర్హతాపరీక్షలో నెగ్గి డిగ్రీలో చేరుటకు అది దారి తెఱచినది. అచ్చుపాఠములు తెలుగున ఇంటికి వచ్చెడివి. రేడియోలో ప్రసంగములు వినబడెడివి. సెలవుదినములలో అధ్యయనకేంద్రమున అధ్యాపకుడు ఎదుట కూర్చుండి సందేహములు తీర్చెడివాడు.

నేనును ఒకప్పుడు దీనిని "తపాలా పట్టా" యని చులకన చేసినవాడనే. మా పాఠశాలలో గంటకొట్టు నౌకరు నలువదియేండ్ల వయసున అందు చేరెను. ఆదివారము తెల్లవారుజామున లేచి సైకిలుపై బస్తీకి పోయెడివాడు. ఒకనాడు గణవిభజనమున సందేహము వచ్చి, తలుపువద్ద నిలిచి నన్నడిగెను. మా తరగతిలో ఏ బాలుడును అంత శ్రద్ధగా అడిగి యెఱుగడు. అతడు పట్టా పుచ్చుకొన్ననాడు సిగ్గుపడినవాడను నేను.

అతనిని గట్టెక్కించినది రేడియో ఒక్కటియే కాదు. తెలుగు పాఠము, తన వీలునుబట్టి చదువుకొను అవకాశము, వారమునకొకమాఱు మనిషి సాయము, ఈ మూడును కలసి గట్టెక్కించినవి. సాధనమును కొనవచ్చును, ఏర్పాటును మాత్రము మనమే కట్టుకొనవలెను.

నేడు సాధనములకు కొదవ లేదు. 2003లో మొదలైన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఐ.ఐ.టి. అధ్యాపకుల పాఠములు ఉచితముగా లభించుచున్నవి. 2004లో విద్యకొఱకే ఎడ్యుశాట్ ఉపగ్రహమును మనవారే పంపిరి. 2017లో స్వయం వచ్చినది. 2022 చివరినుండి ప్రశ్నకు క్షణములో జవాబు చెప్పు యంత్రములును ప్రచారములోనికి వచ్చినవి. పూర్వము లేఖకదోషమున్నట్లే వీనికి యంత్రదోషము గలదు; సరిచూచు పండితుడు నేడును కావలసినవాడే. 2020లో విద్యాలయములు మూతపడినపుడు, ఇంటిలో ఫోను లేని పిల్లలు పాఠమునకు దూరమైరి. ఫోనున్నవారిలోను ఆంగ్లము తెలియనివారు విని గ్రహింపలేకపోయిరి. గడప ఇంకను ఉన్నది. దాని రూపము మాత్రమే మాఱినది.

కావున గ్రామపెద్దలకు నా విన్నపమిది. మీ గ్రంథాలయమున గాని పంచాయతి భవనమున గాని ఒక గది, ఒక తెర, నమ్మకమైన విద్యుత్తు ఏర్పఱుపుడు. అంతకుమించి, చదువుకొన్న యువకుడో, విశ్రాంత ఉపాధ్యాయుడో వారమునకొక సాయంకాలము అచట కూర్చుండునట్లు చూడుడు. చదువు మధ్యలో మానిన కోడలిని, కూలికి పోవు కుఱ్ఱవానిని పిలిచి కూర్చుండబెట్టుడు. ఆకాశమునుండి పాఠము దిగివచ్చుచున్నది. తలుపువద్ద నిలిచినవానిని లోనికి రమ్మనుట మన పని.