పురుగుమందు చీటీ మీది రంగుకు వ్యాఖ్య

కృష్ణదేవిపేట చేలల్లో వరికో చెరకుకో మందు కొట్టే మనిషికి డబ్బా మీది చీటీలో ముందు కనిపించేది రంగు. కోణం మీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది. దాని కింది సగం రంగు త్రికోణం, పై సగం హెచ్చరిక. 1968 పురుగుమందుల చట్టం కింద 1971లో వచ్చిన నిబంధనలు దీన్ని తప్పనిసరి చేశాయి.

ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ: ఇవి విషతీవ్రత తరగతులు. వీటి కొలబద్ద ఎల్‌డీ 50. అంటే, ఒక్కసారి ఇస్తే ప్రయోగశాల జంతువుల్లో సగం చచ్చిపోయే మోతాదు. కిలో బరువుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు. నోటి ద్వారా 50 వరకు ఎరుపు, 51 నుంచి 500 పసుపు, 501 నుంచి 5000 నీలం, ఆపైన ఆకుపచ్చ. అంకె తగ్గేకొద్దీ విషం పెరుగుతుందన్నమాట. ఈ అంకెను మన బరువుతో గుణించి ‘ఇంతవరకు ఫర్వాలేదు’ అని లెక్క వేయకూడదు. సగం చచ్చే మోతాదంటే అంతకన్నా తక్కువకే చచ్చినవీ ఉన్నాయనే అర్థం. పైగా మనిషి ఎలుక కాడు.

‘విషం’: ఎరుపులో ఈ మాటతో పాటు పుర్రె, ఎముకల గుర్తు ఉంటుంది. పసుపులో మాట మాత్రమే. పుర్రె లేదు కదా అని పసుపును తేలిగ్గా తీసుకోవడం పొరపాటు. ప్యారాక్వాట్‌ది ఆ తరగతే.

ఆకుపచ్చకు ‘భద్రం’ అనే అర్థం లేదు. ఒక్క మోతాదుతో చావు తెచ్చే శక్తి తక్కువని మాత్రమే అది చెబుతుంది. ఏళ్ల తరబడి ఒంట్లో చేరితే ఏమవుతుందో, చర్మానికి ఎలర్జీ వస్తుందో రాదో ఆ త్రికోణం చెప్పదు. మాంకోజెబ్ నోటి ఎల్‌డీ 50 అంకె 5000కు పైనే. అయినా అది చర్మానికి ఎలర్జీ తెప్పించగలదు. ఐరోపా సమాఖ్య 2020లో దాని అనుమతిని పొడిగించలేదు. సంతానోత్పత్తికి హాని అందుకు ఒక కారణం.

ప్రమాద గుణం, ముప్పు: ఈ రెండూ ఒకటి కావు. గుణం మందుది. ముప్పు ఆ మందు ఎంత, ఎంతసేపు, ఏ దారిన ఒంటికి చేరిందన్న దాన్నిబట్టి ఉంటుంది. మూత బిగించి తాళం వేసిన ఎర్ర డబ్బా కన్నా వీపు మీద కారుతున్న ట్యాంకులోని నీలం మందే ఆ పూట ఎక్కువ ముప్పు. కొట్టేటప్పటికన్నా కలిపేటప్పుడు ఎక్కువ జాగ్రత్త కావాలి. అప్పుడు చేతికి తగిలేది నీళ్లు చేరని చిక్కటి మందు.

ముప్పు అదుపుకూ ఒక వరస ఉంది: ముందు తక్కువ విషమున్నది ఎంచుకోవడం, చివరికి చేతి తొడుగులు. మన దగ్గర ఇది తిరగబడింది. తొడుక్కోమని కూలీకి చెప్పడం తేలిక; ఎర్ర డబ్బా కొనకపోవడం యజమాని పని.

‘వేచి ఉండాల్సిన కాలం’: చివరిసారి కొట్టాక కోతకు ఆగాల్సిన రోజులు. అది తినేవాడి కోసం పెట్టిన గడువు. కలుపు తీసేవాళ్లు చేలోకి ఎప్పుడు దిగవచ్చో వేరే సంగతి. ఒక దాన్ని రెండోదిగా చదవకూడదు.

విరుగుడు: మోనోక్రోటోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేట్లకు అట్రోపిన్ ఉంది. ప్యారాక్వాట్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఏది ఒంట్లోకి పోయిందో డాక్టరుకు తెలియాలి కాబట్టి నర్సీపట్నం ఆసుపత్రికి మనిషితో పాటు చీటీ చెక్కుచెదరని డబ్బా కూడా వెళ్లాలి.