గ్యాలరీలు తలుపు తీయలేదు, లైబ్రరీ గోడ ఇచ్చింది

మీరొక బొమ్మ వేశారు, బాగానే వచ్చింది. ఎక్కడ చూపిస్తారు? ఫోటో తీసి ఇన్‌స్టాలో పెట్టేస్తారు, అంతే కదా. నా మొదటి వీడియోకి 11 వ్యూస్ వచ్చాయి, అందులో సగం మా ఇంట్లోవాళ్ళవే. అయినా పెట్టుకోడానికి చోటైతే దొరికింది.

1920ల న్యూయార్క్‌లో నల్లజాతి ఆర్టిస్టులకి ఆ చోటే లేదు. పెద్ద గ్యాలరీలు వాళ్ళని దాదాపుగా లోపలికి రానిచ్చేవి కావు. అలాంటి టైంలో వాళ్ళకి గోడ ఇచ్చింది ఒక పేట లైబ్రరీ. హార్లెమ్‌లో 135వ వీధి బ్రాంచి. 1905లో తెరిచిన బిల్డింగ్ అది. 1920లో ఎర్నెస్టిన్ రోజ్ అనే తెల్లజాతి ఆవిడ అక్కడ హెడ్‌గా చేరారు. చుట్టూ ఉన్న జనం మారిపోతున్నారు కాబట్టి లైబ్రరీ కూడా మారాలన్నది ఆవిడ పట్టుదల. నల్లజాతి స్టాఫ్‌ని తీసుకున్నారు. 1921లో నల్లజాతి కళాకారుల బొమ్మలతో ఎగ్జిబిషన్ పెట్టారు. టికెట్ లేదు, సూటూబూటూ అక్కర్లేదు. పుస్తకం తిరిగిచ్చేద్దామని వచ్చినవాళ్ళు కూడా బొమ్మల ముందు ఆగొచ్చు.

అదే ఏడాది ఆగస్టా సావేజ్ ఫ్లోరిడా నుంచి న్యూయార్క్‌లో దిగింది. చేతిలో 4 డాలర్ల 60 సెంట్లు. చిన్నప్పుడు మట్టితో బొమ్మలు చేస్తోందని పాస్టర్ అయిన తండ్రి కొట్టేవాడట. కూపర్ యూనియన్‌లో నాలుగేళ్ళ కోర్సు మూడేళ్ళలో ముగించింది. ఆమె పని చూసి, డు బోయ్స్ విగ్రహం చేసే అవకాశం ఇప్పించింది ఎవరనుకుంటున్నారు? ఈ 135వ వీధి లైబ్రేరియన్, సేడీ పీటర్సన్. డు బోయ్స్ అంటే నల్లజాతి హక్కుల కోసం రాసి, పోరాడిన మేధావి. ఆ విగ్రహంతోనే సావేజ్ పేరు నలుగురికీ తెలిసింది.

అయినా 1923లో ఫ్రాన్స్‌లోని ఒక సమ్మర్ ఆర్ట్ స్కూల్‌కి అప్లై చేస్తే, నల్లజాతి మనిషని అమెరికన్ కమిటీ రిజెక్ట్ చేసింది. ఆమె ఊరుకోలేదు, పేపర్లకెక్కింది. నిర్ణయం మారలేదనుకోండి. చివరికి 1929లో స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళింది, తిరిగొచ్చి హార్లెమ్‌లో సొంత స్టూడియో పెట్టి పిల్లలకి నేర్పింది.

1934లో ఆరన్ డగ్లస్ ఇదే లైబ్రరీకి 4 పెద్ద పెయింటింగ్స్ వేశాడు. ఆఫ్రికాలో మొదలై, బానిసత్వం దాటి, చివరిదాంట్లో సిటీకి చేరతాం. అక్కడ పెద్ద పళ్ళచక్రం మీద ఒకతను సాక్సోఫోన్ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఎప్పుడైనా జూమ్ చేసి చూడండి. నాకైతే ఆ ఒక్క ప్యానెల్ చాలు.

ఇప్పుడు నాకు ఇష్టమైన భాగం. జేకబ్ లారెన్స్ 13 ఏళ్ళకి హార్లెమ్ వచ్చాడు. ఈ లైబ్రరీలో నడిచిన ఆర్ట్ క్లాసులకి వెళ్ళాడు, రీడింగ్ రూంలో చరిత్ర పుస్తకాలు తిరగేశాడు. ప్రభుత్వ ఆర్ట్ ప్రాజెక్టులో ఉద్యోగం కోసం సావేజే స్వయంగా అతన్ని ఆఫీసుకి తీసుకెళ్ళింది. వయసు చాలదన్నారు. ఈ ముక్క అతను మర్చిపోయాడు, ఆమె మర్చిపోలేదు. ఏడాది ఆగి, 21 నిండగానే మళ్ళీ తీసుకెళ్ళింది. ఈసారి ఉద్యోగం వచ్చింది.

1941కల్లా లారెన్స్ 60 బొమ్మల సిరీస్ పూర్తి చేశాడు. దక్షిణాది నుంచి లక్షలమంది నల్లజాతివాళ్ళు ఉత్తరాది నగరాలకి వలసొచ్చిన కథ అది. సరి సంఖ్య బొమ్మలు న్యూయార్క్ మోమా తీసుకుంది, బేసి సంఖ్యవి వాషింగ్టన్‌లోని ఫిలిప్స్ కలెక్షన్. ఆ కథ కోసం అతను నోట్స్ రాసుకున్నది మాత్రం 135వ వీధి లైబ్రరీలో కూర్చునే.