కరివేపాకు చెట్టు మీద కేటర్‌పీ

ఈ ఎపిసోడ్‌కి నేను తెచ్చింది ఒకే ఒక్క కార్డు. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, చూడండి. పచ్చటి పురుగు, నెత్తి మీద ఎర్రటి కొమ్ము. పేరు కేటర్‌పీ. కింద మూలలో 45/102 అని నంబరు, పక్కన నల్లటి చుక్క. చుక్క ఉందంటే కామన్ కార్డు అని. చారిజార్డ్ కోసం వెతికేవాళ్లు దీన్ని పక్కకి నెట్టేస్తారు. నాకైతే పోకేమాన్ కథ మొదలయ్యేదే ఇలాంటి పురుగు దగ్గర.

పోకేమాన్‌ని సృష్టించిన సతోషి తజిరి 1965లో పుట్టాడు. టోక్యో శివార్లలో మాచిదాలో పెరిగాడు. అప్పట్లో అక్కడ పొలాలు, చెరువులు. పిల్లాడికి పురుగులు పట్టడమే పని. దోస్తులు "డాక్టర్ బగ్" అని పిలిచేవాళ్లు. తర్వాత సిటీ పెరుగుతూ వచ్చి ఊరిని మింగేసింది. చేపలు పట్టుకునే చెరువు పోయి వీడియోగేమ్ సెంటర్ వచ్చింది. విచిత్రం ఏంటంటే, ఆ పిల్లాడు ఆ గేముల్లోనే పడిపోయాడు! 1983లో 'గేమ్ ఫ్రీక్' అని సొంత పత్రిక పెట్టాడు. కొన్నేళ్లకు రెండు గేమ్‌బాయ్‌లను కలిపే కేబుల్ చూసినప్పుడు, ఆ తీగ మీద పురుగు ఇటునుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నాడట. పట్టుకోవడం, మార్చుకోవడం అన్న ఆట అట్లా పుట్టింది. 1996 ఫిబ్రవరిలో గేమ్, అదే ఏడాది అక్టోబర్‌లో జపాన్‌లో కార్డులు, 1999 జనవరిలో ఇంగ్లీషు కార్డులు.

ఇంకో తమాషా. ఆ మొదటి 102 కార్డుల్లో కేటర్‌పీ ఉంది, దాని గూడు దశ మెటాపాడ్ ఉంది. సీతాకోకచిలుక బటర్‌ఫ్రీ మాత్రం లేదు! దానికోసం 1999 జూన్‌లో 'జంగిల్' సెట్ వచ్చేదాకా ఆగాలి. గేమ్‌లో పురుగులకు సొంత జాతి ఉన్నా, కార్డుల్లో వాటిని గడ్డి జాతిలో కలిపేశారు. పురుగులంటే పడి చచ్చేవాడి ఆటలో పురుగులకే ఈ గతి.

ఇప్పుడు మన సీతాఫల్‌మండికి వద్దాం. మా నాన్నవాళ్లు చిన్నప్పుడు తొలకరి పడగానే ఉస్మానియా క్యాంపస్‌లోకి పరిగెత్తి, ఆరుద్ర పురుగులు ఏరి అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లట. మఖమల్ గుడ్డలాంటి ఎర్రటి పురుగు. (ఎనిమిది కాళ్లుంటాయి కాబట్టి లెక్కప్రకారం అది కీటకం కాదు, సాలీడు చుట్టం.) వాటినీ మార్చుకునేవాళ్లట, రెండు చిన్నవి ఇస్తే ఒక పెద్దది. ఇప్పుడు మా గల్లీలో మట్టి నేలే కనిపించదు, అంతా సిమెంటు.

కానీ కేటర్‌పీ ఇంకా ఉంది. తార్నాకలో ఎవరింట్లోనైనా కరివేపాకు చెట్టో, నిమ్మ చెట్టో ఉంటే ఆకులు తిప్పి చూడండి. చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, ఎదిగాక పచ్చగా మారుతుంది. మెల్లగా తాకితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటికొస్తుంది, దాంతోపాటే ఘాటు వాసన. గేమ్‌లో కేటర్‌పీ చేసేది కూడా అదే. ఇంట్లోవాళ్లు ఆకులు తినేస్తోందని మందు కొట్టేలోపు ఫోటో తీసి కామెంట్లో పెట్టండి. మెటాపాడ్ దశలో దొరికితే ఇంకా మంచిది.