మూగబోయిన కెమేరా: తెగిన తీగను వెదకిన చరిత్ర

విజయవాడలోగాని, గుడివాడ, మచిలీపట్నం ప్రాంతములలోగాని ఇంటికి తాళము వేసి దూరప్రయాణము పెట్టుకున్నవారు పూర్వము పొరుగింటివారితో "కాస్త ఇల్లు కనిపెట్టి ఉండండి" అని చెప్పి వెళ్ళేవారు. నేడు ఆ పనిని చాలామంది ఒక చిన్న కెమేరాకు అప్పగిస్తున్నారు. కుమారుడు అమెరికాలో ఉంటాడు; డెల్టాలోని పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రుల వాకిలిని చేతిలోని ఫోనులో చూసుకుంటూ ఉంటాడు. ఒకనాడు హఠాత్తుగా బొమ్మ మాయమై, "ఆఫ్‌లైన్" అనే మాట ఒక్కటే కనబడుతుంది.

ఆ మాటకు అర్థమేమి? దొంగలు పడ్డారా? కరెంటు పోయినదా? ఎలుక తీగను కొరికినదా? లేక ఇంట్లో అంతా బాగానే ఉండి, దారిలో ఎక్కడో లంకె తెగినదా? దూరమున ఉన్న వస్తువు మాట్లాడుట మానివేసినప్పుడు లోపము ఎక్కడ ఉన్నదో కూర్చున్నచోటినుండి ఎట్లా తెలుసుకోవాలి? ఈ ప్రశ్న కెమేరాలతో పుట్టినది కాదు. విద్యుత్తు సాయముతో మనిషి దూరమునకు కబురు పంపిన తొలినాళ్ళలోనే ఇది పుట్టినది. ఆనాటి జవాబులే కొద్ది మార్పులతో నేటికీ మనకు ఉపయోగపడుతున్నవి.

తంతి తీగల కాలము

మన దేశమున తొలి తంతి ప్రయోగము 1839లో కలకత్తాలో జరిగినది. చేసినవాడు విలియం ఓషానెస్సీ అనే వైద్యుడు. 1854లో తంతి సౌకర్యము ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. 2013 జూలైలో ఆ సేవ ముగిసే వరకు మూడు నాలుగు తరాలవారు "టెలిగ్రాము" అన్న మాట వినగానే గుండె గుబేలుమనగా తలుపు తీశారు.

స్తంభముల మీద వేసిన తీగకు శత్రువులు ఎందరో. గాలికి స్తంభము పడిపోవచ్చును. పింగాణీ గిన్నె పగిలితే వర్షపు తడి ద్వారా విద్యుత్తు భూమిలోనికి జారిపోవచ్చును. చెట్టుకొమ్మ తగిలినా అంతే. తొలిరోజులలో మనిషి తీగ వెంట నడచి లోపమును కళ్ళతో వెదకవలసి వచ్చేది. కాని సముద్రపు అడుగున పరచిన తీగ వెంట ఎవరు నడవగలరు? 1858లో అట్లాంటిక్ మహాసముద్రములో వేసిన మొదటి కేబులు కొద్ది వారములకే మూగబోయినది. సంకేతములు మందగించగా, వైల్డ్‌మన్ వైట్‌హౌస్ అనే అధికారి దాదాపు 2,000 వోల్టుల పీడనము ప్రయోగించి ఉన్న ప్రాణమును కూడా తీసివేశాడు. రోగము తెలియకుండా మందు పెంచినందువల్ల కలిగిన ఫలితమిది.

ఈ దెబ్బతో శాస్త్రజ్ఞులు కొలతల వైపు మళ్ళారు. ఓమ్ తన సూత్రమును 1827లోనే ప్రకటించి ఉన్నాడు. శామ్యూల్ హంటర్ క్రిస్టీ 1833లో వర్ణించిన పరికరమును చార్లెస్ వీట్‌స్టన్ 1843లో ప్రచారములోనికి తెచ్చాడు. అదే మన పాఠశాలలలోని వీట్‌స్టన్ బ్రిడ్జి. దీని సాయముతో తంతి ఇంజనీర్లు "వలయ పరీక్ష"ను రూపొందించారు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాము. విజయవాడనుండి మచిలీపట్నమునకు దూరము సుమారు 70 కిలోమీటర్లు. రెండు సమానమైన తీగలు ఉన్నవి. ఒకటి మంచిది, రెండవది ఎక్కడో భూమికి తగులుచున్నది. మచిలీపట్నములో రెండింటి కొనలను కలిపితే 140 కిలోమీటర్ల వలయము ఏర్పడుతుంది. విజయవాడలో మంచి తీగ వైపు ఒక నిరోధమును, చెడిన తీగ వైపు మరొక నిరోధమును చేర్చి, గాల్వనామీటరు ముల్లు సున్నావద్ద నిలిచే వరకు వాటిని సవరించాలి. ఆ నిరోధములు 5:2 నిష్పత్తిలో ఉన్నవనుకొనండి. అప్పుడు వలయము కూడా లోపస్థానము వద్ద 5:2గా విభజింపబడి ఉండాలి. 140 కిలోమీటర్లలో ఏడింట రెండు వంతులు 40 కిలోమీటర్లు. అనగా విజయవాడనుండి 40వ కిలోమీటరువద్ద లోపమున్నది. గదిలో కూర్చున్న మనిషి, తాను చూడని స్తంభమును వేలితో చూపగలిగాడు!

అడిగి, జవాబు కోసము ఎదురుచూచుట

తీగల స్థానమును నేడు గాజు తంతువులు ఆక్రమించినవి. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకములో ఈ తంతువులను విద్యుత్ స్తంభముల మీదనే లాగారు. గాజులో వెలుతురు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. తంతువు తెగినప్పుడు ఒక కొననుండి క్షణమాత్రపు వెలుగును పంపితే, అది తెగినచోట తగిలి కొంత వెనుకకు వస్తుంది. ఆ వెలుగు 100 మైక్రోసెకనులలో తిరిగివస్తే, రాకపోకల దూరము 20 కిలోమీటర్లు. లోపము 10 కిలోమీటర్ల దూరాన ఉన్నట్లు. బావిలో రాయి వేసి లోతు అంచనా కట్టే పిల్లవాని తర్కమే ఇది.

కంప్యూటర్ల మధ్య కూడా ఇదే పద్ధతి వచ్చినది. అమెరికాలో మైక్ మ్యూస్ అనే ఇంజనీరు 1983 డిసెంబరులో "పింగ్" అనే చిన్న కార్యక్రమమును వ్రాశాడు. నీటిలో జలాంతర్గాములను వెదకే సోనారు చేసే శబ్దమునుండి ఆ పేరు తీసుకున్నాడు. "ఉన్నావా?" అని ఒక పొట్లము పంపుతుంది, "ఉన్నాను" అని తిరిగివచ్చేందుకు పట్టిన కాలమును కొలుస్తుంది. జవాబు రాకపోతే, దారిలోని ఒక్కొక్క మజిలీని అడుగుతూ పోవాలి. చివరి జవాబు వచ్చిన మజిలీకి, జవాబు రాని మొదటి మజిలీకి నడుమ లోపమున్నదని ప్రాథమికముగా అనుమానించవచ్చును.

కాపలా కన్ను పుట్టుక

ఇక కెమేరా సంగతి. తీగ ద్వారా దూరపు దృశ్యమును చూపిన తొలినాటి ఏర్పాటులలో ఒకదానిని 1942లో జర్మనీలో వాల్టర్ బ్రూఖ్ అమర్చాడు. రాకెట్టు ప్రయోగములను సురక్షితమైన దూరమునుండి చూచుట దాని ఉద్దేశము. దానిని ఇంటి గుమ్మమునకు తెచ్చినది న్యూయార్కు నగరమునకు చెందిన మేరీ వాన్ బ్రిట్టన్ బ్రౌన్ అనే నర్సు. భర్తతో కలిసి 1966లో దరఖాస్తు చేసి, 1969లో పేటెంటు పొందినది. వేళగాని వేళ ఇంట్లో ఒంటరిగా ఉండవలసిన స్త్రీ భయమునుండి ఈ యంత్రము పుట్టినది. 1969లోనే బెల్ ప్రయోగశాలలో బాయిల్, స్మిత్‌లు వెలుతురును విద్యుదావేశముగా మార్చి భద్రపరచే సిలికాన్ పలకను రూపొందించారు. 2009లో వారికి నోబెల్ బహుమానము లభించినది. 1991లో కేంబ్రిడ్జిలో కొందరు పరిశోధకులు కాఫీ పాత్ర నిండినదో లేదో తమ బల్లవద్దనుండే చూసుకొనుటకు కెమేరా పెట్టారు. 1993లో అది ఇంటర్‌నెట్టుకు ఎక్కినది. 1996లో నేరుగా నెట్‌వర్కుకు తగిలించే కెమేరా అంగడికి వచ్చినది.

మన రాష్ట్రములో 2013లో వచ్చిన ప్రజా భద్రతా చట్టము, జనము ఎక్కువగా చేరే సంస్థలలో కెమేరాలను తప్పనిసరి చేసినది. ఊరికి వెళ్ళేవారు ముందుగా తెలిపితే, తాళము వేసిన ఇంట్లో పోలీసులే కెమేరా అమర్చి కనిపెట్టే ఏర్పాటు కూడా 2017 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్‌లో వాడుకలోకి వచ్చినది.

ఇంటిలోని వలయ పరీక్ష

ఇప్పుడు మూగబోయిన కెమేరా వద్దకు తిరిగి వద్దాము. దానినుండి మన ఫోను వరకు ఒక గొలుసున్నది: కరెంటు, అడాప్టరు, తీగ, కెమేరా, వైఫై, రౌటరు, వీధిలోని తంతువు, దూరమున ఉన్న సర్వరు, చివరకు ఫోను. తెలివైనవాడు గొలుసు మధ్యను మొదట పరీక్షిస్తాడు. ఈ గొలుసుకు మధ్య రౌటరు. ఆ ఇంటి రౌటరు ద్వారా మరొక ఫోనులో ఇంటర్‌నెట్టు వచ్చుచున్నదా? రాకపోతే కెమేరా నిర్దోషి. రౌటరుకు కరెంటు ఉన్నదా, తంతువునుండి వెలుగు అందుట లేదని తెలిపే ఎర్రదీపము వెలుగుచున్నదా అని చూడాలి. వచ్చుచున్నట్లయితే లోపము ఎక్కువగా ఇంటిలోనే ఉంటుంది. ఒక్క ప్రశ్నతో సగము అనుమానములు తొలగినవి.

ఇంటిలోని లోపములలో ఒకటి మన విద్యార్థులకు మంచి లెక్క. పగలు చక్కగా పనిచేసి, చీకటి పడగానే ఆగిపోయే కెమేరాలు ఉంటవి. చీకటిలో చూచుటకు అవి పరారుణ దీపములను వెలిగించుకుంటవి. అందువల్ల ప్రవాహము పెరుగుతుంది. 12 వోల్టుల అడాప్టరునుండి సన్నని పొడవైన తీగ ద్వారా కరెంటు పోవుచున్నదనుకొనండి. రానుపోను తీగ నిరోధము 6 ఓములు. పగలు 0.2 ఆంపియరు ప్రవహిస్తే తీగలో 1.2 వోల్టు నష్టము, కెమేరాకు 10.8 అందుతుంది. రాత్రి 0.5 ఆంపియరు అయితే 3 వోల్టులు నష్టము. అందేది 9 మాత్రమే. దొంగ తిరిగే వేళకే కాపలావాడు నిద్రపోతాడు! కెమేరాను మార్చినందువల్ల లాభము లేదు; తీగ లావు పెంచాలి, లేదా పొడవు తగ్గించాలి.

మరొక లోపము: రౌటరును మార్చినప్పుడు వైఫై పేరు, సంకేతపదము మారుతవి, కెమేరా పాత పేరునే పిలుస్తూ ఉంటుంది. చవక కెమేరాలు చాలామట్టుకు 2.4 గిగాహెర్ట్జు తరంగములనే గ్రహిస్తవి. కొత్త రౌటరు 5 గిగాహెర్ట్జులో మాత్రమే పలికితే వాటికి వినబడదు. తీరప్రాంతమున ఉప్పుగాలి లోహపు అతుకులను తినివేస్తుంది. తుప్పు పట్టిన అతుకు నిరోధమును పెంచుతుంది.

సంకేతపదము విషయములో ఒక హెచ్చరిక. 2016లో "మిరాయి" అనే దుష్ట కార్యక్రమము, కర్మాగారములో పెట్టిన సంకేతపదమును మార్చని కెమేరాలను, రౌటర్లను ప్రపంచమంతటా లోబరచుకొన్నది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటిచేతనే దాడి చేయించి, అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైటులను గంటలకొద్దీ స్తంభింపజేశారు. కాబట్టి పలుకుచున్న కెమేరా కూడా మన మాటే వింటున్నదని అనుకోరాదు.

మౌనము చెప్పే వార్త

కృష్ణా డెల్టావారికి ఈ పాఠము మరింత లోతైనది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినది. వేలాదిమంది మరణించారు. తంతి, టెలిఫోను స్తంభములు కూలినవి, రోడ్లు తెగినవి. ఆ ఘోరము ఎంతటిదో బయటి ప్రపంచమునకు ఆలస్యముగా తెలిసినది. అందరికంటె ఎక్కువ దెబ్బతిన్న ఊరే అందరికంటె నిశ్శబ్దముగా ఉన్నది.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో బుడమేరు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ తదితర ప్రాంతములు నీట మునిగినవి. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజివద్ద ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు చేరినది. మునిగిన పేటలలో కరెంటు నిలిపివేశారు. కరెంటు లేనిచోట రౌటరు లేదు. రౌటరు లేనిచోట కెమేరా లేదు. చార్జింగు అయిపోయిన ఫోనుకు కూడా మాట లేదు. అటువంటి వేళ ఒక ఇంటి కెమేరా ఆగితే అడాప్టరును శంకించవచ్చును. పేట మొత్తము ఒక్కసారిగా ఆగితే మనుషులు వెళ్ళి చూడవలసినదే. పొరుగింటివారి ఫోను నెంబరును కాగితము మీద వ్రాసి ఉంచుకొనుట ఇప్పటికీ మంచి అలవాటు.

ఉపాధ్యాయులు ఈ విషయమును ప్రయోగశాలలో చేసి చూపవచ్చును. ఒకే పొడవుగల రెండు నిక్రోము తీగలను బల్లమీద పరచి, ఒక కొనవద్ద కలపండి. ఒక విద్యార్థి రెండవ తీగకు ఎక్కడో ఒకచోట క్లిప్పు తగిలించి, పైన అట్ట కప్పాలి. అదే మన "భూమి". ఆ క్లిప్పునుండి బ్యాటరీ మీదుగా మీటరు బ్రిడ్జి జాకీకి కలిపి, తీగల విడి కొనలను బ్రిడ్జి రెండు చివరలకు, గాల్వనామీటరును ఆ చివరల మధ్యకు చేర్చండి. ముల్లు సున్నావద్ద నిలిచినప్పుడు రెండవ విద్యార్థి లెక్కవేసి క్లిప్పు ఎక్కడున్నదో చెప్పాలి. అట్ట తీసి చూచినప్పుడు లెక్క సరిపోతే, ఆ పిల్లవానికి కలిగే ఆనందము ఆనాటి తంతి ఇంజనీరు పొందిన ఆనందమే. రేపు ఇంట్లో కెమేరా మూగబోయినప్పుడు అతడు దానిని తట్టడు, విసుక్కోడు. గొలుసు మధ్యకు వెళ్ళి మొదటి ప్రశ్న అడుగుతాడు.