కోఠీ నేల కింది యుద్ధం

యుద్ధభూమి అనగానే మనకు పానిపట్టో, పల్నాడో మెదులుతుంది. కోఠీ బజారు ఎవరికీ మెదలదు. స్థానిక చరిత్ర మీద ఆసక్తిగల మేం కొందరం ఆ బజారులోనే ఒక యుద్ధభూమిని వెతుక్కుంటూ తిరిగాం.

1857 జూలై 17, శుక్రవారం. తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల వెంట జనం బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి నడిచారు. వారిలో రోహిలాలే ఎక్కువ. అక్కడ బందీగా ఉన్న జమేదార్ చీదాఖాన్‌ను విడిపించాలన్నది వారి పట్టు. రెసిడెన్సీకి ఎదురుగా ఇద్దరు షావుకార్ల ఇళ్లు పట్టుకొని, వాటిలోంచి రాత్రంతా కాల్పులు జరిపారు. అవతల మద్రాసు ఫిరంగిదళం. తెల్లవారేసరికి తిరుగుబాటుదార్లు చెదిరిపోయారు. దివాన్ సాలార్‌జంగ్ ముందే రెసిడెంటుకు కబురందించాడు. అంటే ఫిరంగి పేలకముందే దివాణం పక్షం తేల్చుకుంది!

తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని నగరంలో వేలాడదీశారు. మౌల్వీని అండమాన్ పంపారు.

ఆ షావుకార్ల ఇళ్ల జాడ మాకు దొరకలేదు, దుకాణాలే దొరికాయి. రెసిడెన్సీ మాత్రం నిలిచింది. 1949లో మహిళా కళాశాల అయింది. నేడది దొరను ఎదిరించిన చాకలి ఐలమ్మ పేరిట విశ్వవిద్యాలయం. ఈ మార్పు నాకు నచ్చింది. కానీ ఆ భవనం కట్టించిన కిర్క్‌పాట్రిక్ ప్రేమకథకు దొరికిన పుటల్లో పదోవంతైనా, దానిమీదికి తుపాకీ ఎత్తిన పేరులేని రోహిలాకు మన చరిత్రకారులు ఇచ్చారా?