తవ్వుకోల కొసన చరిత్ర
చంద్రశేఖరపురంలో పాఠం చెబుతూ, చెంచులు అడవిలో లోకంతో పని లేకుండా బతికారన్న మాట వచ్చినప్పుడల్లా మాకు తవ్వుకోల గుర్తొస్తుంది. మార్కాపురం, గిద్దలూరు పైనున్న నల్లమలలో ఇంటిల్లిపాదికీ గడ్డలు తవ్విపెట్టిన కర్ర అది. గట్టి కర్ర చెక్కి, కొసకు ఇనుప మొన దిగ్గొట్టేవారు. 1940లో అమ్రాబాదు చెంచుల మధ్య తిరిగిన హైమెండార్ఫ్ తన 1943 పుస్తకంలో దీని గురించి రాశాడు. టాంజానియాలో హడ్జా ఆడవాళ్లు ఉత్త కర్ర కొసనే నిప్పులో కాల్చి గట్టిపరుస్తారు. మరి మనవాళ్లకు ఇనుమెక్కడిది? కింది ఊళ్ల కమ్మరి కొలిమిది. తేనె, అడవి సరుకు దించి, బేరమాడి (మోసపోయి కూడా) తెచ్చుకున్నది. టీచర్లూ, ఆ కర్ర ఇంకా ఇంట్లో ఉన్న పిల్లలుంటే తెప్పించండి. మొన ఎవరు కొట్టారో అవ్వనడిగి రాయించండి.